గుండె మీద సైగ

"మా ఆయన పోయినపుడు ఇంటెడు మందీ ఏడస్తా ఉంటే ఇది నిద్రన్నా లేవలేదు డాక్టరమ్మా. ఎవరికన్నా ఇచ్చేయండి," అంది కోమల, తెల్లటి బుల్ టెర్రియర్‌ను బల్లకు కట్టేస్తూ.

పశువుల డాక్టర్ సరణ్య కుక్క వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. అది కదల్లేదు.

"దీనికి పుట్టుచెవుడమ్మా. తెల్లవాటిలో కొన్నిటికి ఉంటుంది. ఆయన ఎట్ల పిలిచేవారు?"

పుదుచ్చేరి మిల్లులో, మగ్గాల హోరు మధ్య, ముప్పయ్యేళ్ళు సైగలతోనే మాట్లాడిన మనిషి ఆయన. ఇంట్లోనూ అదే అలవాటు. "మిల్లు మూసినాక కూడా ఈ చేతులాట ఏంది?" అని కోమలే కసిరేది.

కోమల గొలుసు విప్పింది. ఎదురుగా నిలబడి, ఆయన లాగే గుండె మీద రెండుసార్లు తట్టుకుంది, రమ్మని.

కుక్క దిగ్గున లేచింది. తోకాడిస్తూ ఆమెను దాటిపోయి, గుమ్మంలో నిలబడి, వీధిలో అటూ ఇటూ ఆయన కోసం చూసింది.