ఆప్తవాక్యం

“ఇంటి దగ్గర వెలిగే లైటు రోడ్డు మీద ఎందుకు వెలగదయ్యా?”

ముక్తేశ్వరం సెంటర్లో మెకానిక్ షెడ్డు ముందు కారు దిగుతూనే ప్రభాకరరావు అడిగాడు. ఎవరిదో స్కూటరు విప్పుకుని కూర్చున్న గంగబాబు తలెత్తాడు.

“మళ్లీ వెనక లైటేనాండీ మేస్టారూ?”

“మళ్లీ అదే. ఏటిగట్టు మీద గేదెలు అడ్డొస్తే బ్రేకు వేసేను. వెనక కొబ్బరికాయల లారీ జానెడు దూరంలో ఆగింది. వాడు దిగొచ్చి, బ్రేకు లైటు లేకుండా తిరగడానికి సిగ్గులేదా అన్నాడు. మా ఆవిడ ఎదురుగా.”

కారులో ఉన్న కృపావతి “పోనీలెండి” అంది. ఆమె చెయ్యి ఇంకా తలుపు పిడిని వదల్లేదు.

“మొన్ననే కొత్త బల్బులు వేసేను కదండీ.”

“వేసేవు. ఇంటికెళ్లి బ్రేకు తొక్కితే మా ఆవిడ వెనక నిలబడి చూసింది. రెండూ వెలిగేయంది. అంతకు ముందు వైరు మార్చేవు. అప్పుడూ వెలిగేయంది. రోడ్డెక్కితే మాత్రం చీకటి.”

“బయటికొస్తే సిగ్గేమోనండి దానికి.”

ప్రభాకరరావు నవ్వలేదు. ఆయన కాలేజీలో తర్కశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. నడిపేవాడు తన బండి బ్రేకు దీపాన్ని తాను చూడలేడు. పెడల్ మీద కాలు ఉన్నంతసేపు వెనక్కి వెళ్లలేడు. వెనక్కి వెళితే దీపం ఉండదు. ప్రత్యక్షం లేనిచోట మిగిలేది ఆప్తవాక్యం, నమ్మదగిన మనిషి చెప్పిన మాట. కృపావతి అబద్ధమాడి ఎరగదు. లారీవాడికి అబద్ధంతో పని లేదు. సాక్షులిద్దరూ నిజమే చెబుతున్నప్పుడు దోషం దీపానిదే కావాలి, లేదా దాన్ని బాగుచేసినవాడిది.

“రేపు సాయంత్రం రాజోలులో మా వదినగారింట్లో ప్రార్థన కూటం. ఆవిడ మంచంలో ఉంది. చెల్లెలి పాట వినాలని కబురు పెట్టింది. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. లైటు లేకుండా కృపని ఎక్కించుకుని ఆ గట్టు మీద నేను రాను. నీవల్ల రేపటి ప్రయాణం ఆగిపోయేలా ఉంది.”

“ఆయ్. హోల్డర్లో చిలుము పట్టుంటుందండి. ఉప్పుగాలి కదండీ. బండి వదిలేసి వెళ్లండి, గరుకు కాగితం పెట్టి గీకేస్తాను.”

“ఆయ్ అనకు. చేస్తానను.”

“ఆయ్.”

ఈ సీమలో ఆ ఒక్క అక్షరానికి అర్థం చెప్పగలిగే నిఘంటువు లేదనుకున్నాడు ప్రభాకరరావు. విన్నానని కావచ్చు, ఒప్పుకున్నానని కావచ్చు, ఇక నన్ను వదిలిపెట్టమని కూడా కావచ్చు.

ఇద్దరూ ఆటోలో ఇల్లు చేరారు. గుమ్మంలో పక్కింటి మధుబాబు నవ్వుతూ తల ఊపితే కృపావతి పట్టించుకోకుండా లోపలికి నడిచింది. “మనిషిని చూసి కూడా పలకరించవేం?” అని ఆయన విసుక్కున్నాడు. భోజనం దగ్గర చేపల పులుసులో పొలుసు నోటికి తగిలింది.

“మొన్నా ఇదే. ఈమధ్య నీకు దేనిమీదా శ్రద్ధ లేదు కృపా. ఆ గంగబాబు ఎలా పనిచేస్తున్నాడో నువ్వూ అలాగే చేస్తున్నావు.”

“ఆయ్. ఈసారి బాగా కడుగుతానండి.”

మధ్యాహ్నం ఆమె రేపటి పాట పాడుకుంది. పాటల పుస్తకం ఒళ్లో మూసే ఉంది.

“తెరిచి పాడు. చరణం తప్పితే పదిమందిలో బాగుండదు.”

“నోటికొచ్చండి” అంది. ఒక్క మాటా తప్పలేదు. విసుగులో ఉన్న ఆయనకు అదీ మొండితనంలాగే తోచింది.

సాయంత్రం షెడ్డుకు వెళ్లేసరికి గంగబాబు లేడు. ఎవరి బండో ఆగిపోయిందని పలివెల వెళ్లాడట. కారు తాళం మేకుకు వేలాడుతోంది. వెనక దీపాల ఎర్రటి కప్పులు తుడిచి పెట్టినట్టు మెరుస్తున్నాయి. పని అయిందన్నమాట. అతని కోసం కాచుకుని కూర్చునే ఓపిక లేక ప్రభాకరరావు కారు తీసుకుని వచ్చేశాడు.

ఇంటి ముందు ఆపి కృపావతిని పిలిచాడు. ఆమె వచ్చి, కారు ఒంటి మీద చెయ్యి ఆనించుకుంటూ వెనక్కి నడిచింది.

“సరిగ్గా చూసి చెప్పు. రేపు వెళ్లడమా మానడమా నీ మాట మీదే ఉంది.”

పెడల్ కిర్రుమంది.

“ఆయ్” అంది కృపావతి.

“రెండూనా?”

“ఆయ్. రెండూ వెలుగుతున్నాయండి.”

“వెలుగు ఎలా ఉంది? మినుకుమినుకుమంటోందా?”

ఆమె కొంచెం ఆగింది. “లేదండి. ఎర్రగా, నిండుగా ఉంది.”

ఎన్నాళ్లనుంచో బిగిసి ఉన్న ఆయన భుజాలు సడలాయి. పొద్దుటినుంచి ఆమెను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. “అక్కగారికి ఫోన్ చెయ్యి కృపా. రేపు వస్తున్నామని చెప్పు” అన్నాడు మెత్తగా.

ఇంతలో మోటారుసైకిలు వచ్చి కారు వెనకే ఆగింది. కృపావతి అటు తిరిగింది.

“ఎవరూ?”

“నేనేనండి అమ్మగారూ, గంగబాబుని.”

ప్రభాకరరావు పెడల్ మీద కాలు తియ్యకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు. “రావయ్యా. నిన్ను పొద్దున్న చాలా మాటలన్నాను, మనసులో పెట్టుకోకు. ఇన్నాళ్లకు పని బాగా చేసేవు. కావాలంటే మా ఆవిణ్ణి అడుగు.”

“ఎర్రగా వెలుగుతున్నాయి బాబూ” అంది కృపావతి, నవ్వుతూ.

గంగబాబు దీపాల వైపు చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

“కాస్త ఆగాల్సిందండి మేస్టారూ. బిగించేలోపు పలివెల నుంచి ఫోనొస్తే, దుమ్ము పడకుండా కప్పులు తగిలించి వెళ్లేను” అని మెల్లగా చెప్పి, జేబులోంచి చెయ్యి తీసి చాపాడు.

బల్బులు రెండూ అతని అరచేతిలో ఉన్నాయి.