తాగలేదని చెప్పని ఆదెన్న

"అబద్ధం చెప్పకండి ఆదెన్న గారూ! మీరు తాగలేదు," అంది సుప్రియ.

"తాగిన మేడం. వచ్చేటప్పుడు దారిలనే ఒక క్వార్టర్ ఏసిన. రాసుకోండ్రి," అన్నాడు ఆదెన్న, ఊదే మిషన్‌ని బల్ల మీద పెడుతూ.

మిషన్ మీద మాత్రం సున్నా కనిపిస్తోంది.

తాగుడు మాన్పించే వైద్యం ఎంతవరకు పనిచేస్తోందో తేల్చడానికి థర్మల్ స్టేషన్ కాలనీ దవాఖానాలో పరిశోధన జరుగుతోంది. పేరు రాయించుకున్న కార్మికులు డ్యూటీ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి వచ్చి మిషన్‌లో ఊదాలి. దాంతోపాటు 'తాగారా, లేదా' అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. నిండా తాగొచ్చి చుక్క ముట్టలేదని ఒట్లు పెట్టేవాళ్ళను, ఆ జవాబులు రాసుకునే సుప్రియ చాలామందినే చూసింది. చుక్క ముట్టకుండా తాగానని వాదించే మనిషిని చూడటం ఇదే మొదలు. బొగ్గు బెల్టుల దగ్గర పనిచేసే ఈ ఆదెన్న మూడు వారాలుగా సున్నా తప్ప ఊదలేదు. తాగానని తప్ప చెప్పలేదు.

మిషన్ చెడిపోయిందేమోనని మార్చి చూశారు. కొత్తదీ అదే చెప్పింది. దాంతో పెద్ద డాక్టరు చంద్రమోహన్ ఆ మధ్యాహ్నం ఫోన్‌లో విసుక్కున్నాడు. "అతను మనతో ఆటలాడుతున్నాడు సుప్రియా. మాట ఒకటి, ఊపిరి ఒకటి. ఇవాళ కూడా అంతే అయితే పేరు కొట్టేయ్. వెనక ఇంకా చాలామంది కాచుకుని ఉన్నారు."

సుప్రియ పెన్ను తీసింది. "మీ పేరు కొట్టేయమన్నారండీ పెద్ద డాక్టరు గారు. రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆదెన్న చటుక్కున కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్ల చేయకుండ్రి మేడం! ఈ గొట్టంల ఊదాలెనన్న భయానికే పొద్దంత ఆగుతున్న. ఇది లేకుంటే షిఫ్టు దిగంగనే నా కాళ్ళు బ్రాందీ షాపు దిక్కే పోతయి."

"అలాంటప్పుడు మానేశానని చెప్పడానికేం? మంచి మాటే కదండీ!"

ఆదెన్న లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అయిదుసార్లు చెప్పిన మేడం. అమరేశ్వరుని గుడిల కసం తిని, ఒట్టేసి చెప్పిన. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిన. యూనియన్ మీటింగుల మైకు పట్టుకొని గూడ చెప్పిన. చెప్పిన మరునాడే తాగిన. ఆ మాట నా నోట్లకెల్లి బయటికొస్తే చాలు, 'మానేసినోనివే గదా, ఒక్కటేస్తే ఏమైతది' అని లోపల ఎవడో మొదలువెడ్తడు. అందుకే ఈసారి ఎవ్వరికీ చెప్పలే. నాకు నేను గూడ చెప్పుకోలే."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్ల అసలే చెప్పలే. నా పెండ్లాం ఉలిగెమ్మ అయిదుసార్లు నమ్మింది, అయిదుసార్లు ఏడ్సింది. మల్ల ఆశ పెట్టుడు నాతోని గాదు. మీరు గూడ ఆమెకు చెప్పొద్దు. మీ కాళ్ళు మొక్కుత."

సుప్రియ కాగితాన్ని అతని వైపు తిప్పింది.

"నోటితో చెప్పొద్దు. ఇక్కడ రెండు గళ్ళున్నాయి. తాగినవాళ్ళది పైది, తాగనివాళ్ళది కిందది. వేలు పెట్టండి చాలు. మీరేమీ అనక్కర్లేదు, నేనూ ఏమీ అనను."

ఎంత కడిగినా బొగ్గు మసి వదలని ఆ వేలు పై గడి మీద చాలాసేపు ఆగింది. మెల్లగా కిందికి జారి, అక్కడ గట్టిగా నొక్కుకుంది. సుప్రియ ఆ నల్లటి మరక పక్కన తేదీ వేసి డాక్టరుకు ఫోన్ చేసింది.

"మాటా ఊపిరీ కలిశాయండీ. జవాబు నోటితోనే చెప్పాలని రూలేమైనా ఉందా?"

"లేదనుకుంటా. ఉండనీ అతన్ని," అన్నాడు చంద్రమోహన్.

మర్నాడు ఇంటివాళ్ళను అడిగి రాసుకునే రోజు. నెలకోసారి వాళ్ళనూ పిలిపిస్తారు. ఉలిగెమ్మ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మీ ఆయన ఈ మధ్య తాగుతున్నారా అమ్మా?"

"తాగుతుండు. దినాం తాగుతుండు."

సుప్రియ తలెత్తింది. "బాగా ఆలోచించి చెప్పండి. ఏమీ తేడా కనిపించలేదా?"

"తేడా ఏంది? దినాం తూలుకుంటనే ఇంటికొస్తుండు. రాయుండ్రి."

అసలు సంగతి సుప్రియ నోటిదాకా వచ్చింది. కాళ్ళు మొక్కుతానన్న మనిషి గుర్తొచ్చి మింగేసింది. దిగులుగా పై గడిలో టిక్కు పెట్టింది.

ఉలిగెమ్మ ఆ టిక్కునే చూస్తూ అడిగింది. "ఈ కాగితం ఆయనకు చూపిస్తరా?"

"లేదమ్మా. ఎవరికీ చూపించం."

"పక్కా?"

"పక్కా."

ఉలిగెమ్మ కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"అయితే అది కొట్టేయుండ్రి. మూడు వారాలైంది ఆయన మానేసి. ఆ తూలుడంత నాటకం! అంత తూలేటోడు వాకిట్ల ఆరబోసిన జొన్నల మీద ఒక్క అడుగు పడనియ్యడు. పొద్దుగాల చాయ్ కప్పు పట్టుకుంటే చుక్క ఒలకదు. నాకు ఎరుకైందని తెలిస్తే మల్ల యాడ ఎనకకు పోతడోనని, రోజూ తలుపు తీయంగనే నోటికొచ్చినట్టు తిడుతున్న మేడం. నాకొచ్చిన తిట్లన్నీ అయిపోయినయి, మీకేమన్న కొత్తయి ఎరుకుంటే జర చెప్పుండ్రి!"