మెట్ల లైటు

ఎలక్ట్రీషియన్ ఓదెలుకు నిరుడు ప్రమాదంలో రెండు కళ్లూ పోయాయి. చంద్రపూర్‌లోని ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు వైరింగ్ నేర్పడానికి రమ్మన్నారు. తనతో అవుతుందో లేదో చూసుకుందామని ఇంట్లో మెట్ల లైటు బాగు చేయబోయాడు. అది కింది స్విచ్‌తో వెలుగుతుంది, పై స్విచ్‌తో వెలగదు.

మెయిన్ ఆపి పై స్విచ్ విప్పాడు. ఊడిన వైరు వేళ్లకు తగిలింది. బిగించి, మెయిన్ వేయించి, స్విచ్ నొక్కాడు.

“వెలిగిందా?”

“లేదు,” అంది భార్య రాజక్క.

మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు విప్పి బిగించాడు. నాలుగుసార్లూ అదే మాట.

చివరికి సెంటర్‌కు ఫోన్ చేశాడు. “నాతోని కాదు సార్.”

“ఇంట్లనే ఉండు. నేనున్న గదా,” అంటూ రాజక్క అతన్ని చేయి పట్టుకుని దింపింది.

మెట్ల మీద బల్బు వెలుగుతోంది. పొద్దున మొదటిసారే వెలిగింది. ఆమె చప్పుడు కాకుండా ఆర్పేసింది.