చీలమని చెప్పే చుక్క

"ఈ సీసాల్లో ఉన్నది నీళ్ళు. అసలు మందు ఆవిడ నొక్కేసింది," అన్నాడు స్టోర్‌కీపర్, టెక్నీషియన్ ఎదురుగానే ఉందని కూడా చూడకుండా.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. టెక్నీషియన్ చేతి తొడుగులు విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

కాలినవాళ్ళ కోసం ఆస్పత్రిలో చర్మం పెంచే గది అది. స్టోర్‌కీపర్ చెల్లెలు వీపంతా కాలి కింది వార్డులో బోర్లా పడుకుని ఉంది. ఆమె తొడ నుంచి తీసిన తపాలా బిళ్ళంత చర్మంలోని కణాలు ఇక్కడ పళ్ళేల్లో పెరిగి, ఇంకో పదిరోజుల్లో తువ్వాలంత కావాలి. కాకపోతే పిల్ల దక్కదని డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. మొదటి వారం కణాలు బాగానే పెరిగాయి. తర్వాత ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చావనూ లేదు, పెరగనూ లేదు.

తిండికి లోటేమీ లేదు. చక్కెర, లవణాలు, విటమిన్లు కలిపిన ద్రావణం రెండు రోజులకోసారి మారుస్తూనే ఉన్నారు. తిండి ఉంటే కణం బతుకుతుందని, రెండుగా చీలమని దానికి చెప్పేది మాత్రం గ్రోత్ ఫ్యాక్టర్ అనే మందు చుక్కేనని టెక్నీషియన్ స్టోర్‌కీపర్‌కి మొదటిరోజే విడమరిచి చెప్పింది. చిటికెన వేలంత సీసాల్లో అది స్టోరు ఫ్రీజర్లో గడ్డకట్టి ఉంటుంది. ద్రావణం మార్చినప్పుడల్లా ఆవిడ ఒక సీసా పట్టుకెళ్తుంది.

పట్టుకెళ్ళడం కూడా గుప్పిట్లో దాచుకుని. ఎందుకమ్మా అని అడిగితే నవ్వేది. అసలే అతనిది ఇంట్లో ఉప్పుడబ్బా మూత వదులైనా ఆరా తీసే రకం. పైగా ఇది చెల్లెలి ప్రాణం. ఆ నవ్వు చూసిన రోజు నుంచీ అతనికి మెతుకు సహించలేదు.

ఇక కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపలా కాశాడు. ఆవిడ భోజనానికి వెళ్ళగానే సీసాలన్నీ తీసి బల్ల మీద వరసగా నిలబెట్టేవాడు. మంచు పట్టిన సీసాలో మట్టం తెలియదు. అందుకని గడ్డ విడిచేదాకా కూర్చుని, వెలుతురుకి ఎత్తి, తను రహస్యంగా గీసిన గీతతో సరిచూసి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టేవాడు. ఇలా పన్నెండు రోజులు. మట్టం ఒక్కనాడూ తగ్గలేదు. తగ్గకపోవడంతో అతని అనుమానం ఇంకా ముదిరింది. తీసినంత నీళ్ళు పోసి ఉంటుంది, లేకపోతే కణాలెందుకు ఆగుతాయి?

రుజువేమిటని డాక్టరు అడిగాడు. సీసాలు పరీక్షకి పంపమన్నాడు స్టోర్‌కీపర్. తను కుర్చీ వదలకుండా కాస్తున్నానని, ఆ ఫ్రీజర్ దగ్గరికి ఆవిడ తప్ప ఈగ కూడా రాలేదని చెప్పాడు.

"పంపించండి డాక్టరుగారూ," అంది టెక్నీషియన్. "అన్నయ్యా, మీరు చెల్లెలి కోసం హడలిపోతున్నారు. అందుకే నేను మిమ్మల్నేమీ అనను."

ఎంత మెత్తగా మాట్లాడుతోందో దొంగది అనుకున్నాడతను.

రెండు రోజులకి ఫలితం వచ్చింది. డాక్టరు ఇద్దర్నీ పిలిచాడు. ఆవిడ ముఖం ఎలా మాడిపోతుందో చూద్దామని స్టోర్‌కీపర్ ఆవిడకి ఎదురుగా నిలబడ్డాడు.

"నీళ్ళు కాదు," అన్నాడు డాక్టరు. "అసలు మందే. కానీ దాంట్లో సత్తువ చచ్చిపోయింది. మళ్ళీ తెప్పించాలంటే మూడు వారాలు."

మూడు వారాలనేసరికి స్టోర్‌కీపర్ గోడకి జారగిలబడ్డాడు. టెక్నీషియన్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పొద్దున తీసిన సీసా గుప్పిటి వేడికే కరిగించి తను పొద్దునే వాడేస్తున్నానని, ఎలా చచ్చిపోతుందని గొణిగింది.

"తప్పు మీది కాదమ్మా." డాక్టరు స్టోర్‌కీపర్ వైపు తిరిగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ మందు కరిగిన రోజే వాడెయ్యాలి. మళ్ళీ మళ్ళీ గడ్డకడితే పనికిరాదు. ఎవరో రోజూ అన్ని సీసాలూ బయట పెట్టి కరిగిస్తున్నారు. మీరు కుర్చీ వదల్లేదన్నారుగా, మీ కళ్ళు కప్పి ఆ పని చేసిందెవరంటారు?"