రూలేం లేదు బేటీ

డాక్టరు గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా రజని లేచి నిలబడుతోంది.

ప్రతిసారీ వేరే పేరు పిలుస్తున్నారు.

"కూసో బేటీ, పిలుస్తరు" అన్నాడు బెంచీకి ఆ చివర కూర్చున్న పెద్దాయన. ముఖానికి మాస్కు, ఒళ్లో చేతిసంచి. ఎవరికోసమో వచ్చినట్టున్నాడు.

రజని కోరుట్లలో జువాలజీ లెక్చరర్. తమ్ముడు ఆనంద్ టీబీతో జగిత్యాలలోని ఈ ఆసుపత్రిలో ఉన్నాడు. మొదట వాడిన మందులకు తగ్గలేదు. కొత్త మందులు పనిచేస్తున్నాయో లేదో ఈరోజు చెబుతారు.

"మా తమ్మునికి కొత్త టీబీ మందులు గూడ పనిచెయ్యవు సార్, నాకు తెల్సు" అంది ఉన్నట్టుండి. "మందు పడ్డకాడల్లా క్రిములు మారుతయి. తట్టుకున్నయి బతికి పెరుగుతయి. పరిణామం రూలే గది. పిల్లలకు నేనే చెప్త."

"రూలా?" పెద్దాయన ఇటు తిరిగాడు. "నేను సిరిసిల్లల ఫిలాసఫీ చెప్పేటోణ్ని. రాయి ఇసిరితే కింద పడుతది. ఎవరు ఇసిరినా, ఎన్నడు ఇసిరినా. గది రూలు. క్రిమి ఎవరిల మారుతదో ముందుగాల చెప్తవా?"

"చెప్పరాదు. మారినంక చూస్తే కారణం కనవడ్తది."

"అయినంక చెప్పేది చరిత్ర బేటీ. నీ తమ్మునిది ఇంకెవ్వరు రాయలే."

"ఏ దేశంల చూసినా గిట్లనే అయితున్నది. అయినా రూలు గాదంటరా?"

"శానసార్లు అయితదంటే ఒప్పుకుంట. తప్పక అయితదంటే ఒప్పుకోను."

రజనికి కోపం తన్నుకొచ్చింది.

"మీ ఇంట్ల మనిషికైతే గూడ గిట్లనే వాదిస్తరా సార్?"

ఆయన మాస్కు సరిచేసుకుని కిటికీ వైపు చూశాడు.

"ఆనంద్ వాళ్లు ఎవరు?" డాక్టరు గదిలోంచి పిలిచారు.

రజని గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

డాక్టరు నవ్వాడు. "మందు పట్టిందమ్మా. క్రిములు తగ్గుతున్నయి. భయం లేదు."

కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తింది. అన్న మాటకు తప్పయిందని చెప్పాలి.

బెంచీ ఖాళీగా ఉంది.

"సిస్టర్, ఇక్కడ కూసున్న సార్ ఎటు పోయిండ్రు? ఆయన ఎవరికోసం వచ్చిండ్రు?"

నర్సు వనిత గేటు వైపు చూసింది.

"హుస్సేన్ సారా? ఇప్పుడే అంబులెన్సుల హైదరాబాద్ తీస్కపోయిండ్రు మేడం. మీ తమ్మునికిచ్చిన మందులే ఆయనకూ ఇచ్చినం, పనిచేస్తలేవని పొద్దుగాలనే ఆయనకు చెప్పినం."