నీలి గొంతు

ఇప్పటికీ చెప్పుకోడానికి జంకుతారు గానీ, తామరకుంట కప్పలకి ఒక ఆచారం ఉండేది. పొద్దుగూకగానే కళ్లు మూసుకుని వానదేవుడికి భజన చేసేవి. మంగళం పాడేలోపు కళ్లు తెరిస్తే మహాపాపం. గట్టుమీద కుంట జీవులన్నిటి పంచాయితీ కూడా ఆ వేళకే జరిగేది. కప్పలు అటువైపు వెళ్లేవే కావు.

మూడు రోజులుగా చెంగి అనే కప్పకి చెల్లెలు నీలి ఎక్కడా కనిపించడం లేదు. భజన సాగినంతసేపూ మాత్రం పక్కనే నీలి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు ఊపిరికి కూడా ఆగదు. మంగళమయ్యాక చూస్తే అక్కడ నీలి ఉండదు.

"తాతా, గట్టు బొక్కలో పాము చేరింది. బొక్క మూయించమని పంచాయితీలో అడుగుదాం," అంది చెంగి, భజన పెద్దతో.

"భక్తులం, మనకెందుకే ఆ రాజకీయాలు? దేవుడే చూసుకుంటాడు."

"ఆయన చూస్తూనే ఉన్నాడు తాతా. కళ్లు మూసుకున్నది మనమే."

తాత చివరికి తల ఊపాడు. "భజన మాత్రం ఆగకూడదు."

"ఎందుకాపాలి? పాడుకుంటూనే పోదాం."

ఆ సాయంత్రం కప్పలన్నీ కళ్లు మూసుకునే, ఒకదాన్నొకటి తడుముకుంటూ, పాడుకుంటూ గట్టెక్కాయి. నీలి గొంతు కూడా చెంగి పక్కనే పాడుతూ వచ్చింది.

"బొక్క మూసెయ్యాలనేవాళ్లు గట్టిగా చెప్పండి," అంది పంచాయితీ పెద్ద తాబేలు.

"మూసెయ్యాలి," అన్నాయి కప్పలన్నీ.

చెంగి పక్కన నీలి గొంతు మాత్రం ఆ మాట అనలేదు.

మంగళం పాడకుండానే తాత కళ్లు తెరిచాడు. ఆయన చూసి, మిగతావాళ్లని కూడా తెరవమన్నాడు. నీలి ఉండాల్సిన చోట, పడగ దించుకుని పాము కూర్చునుంది.