గూడ్సు బండి వెళ్లాక

"మీయమ్మ గొంతు దీన్లో పడిందేటో సూడు ఝాన్సీ," అన్నాడు జగన్నాథం గట్టిగా, కూతురి చేతిలోని మీటరు చూపిస్తూ. డీజిల్ ఇంజన్ల మధ్య ముప్పై ఏళ్ల డ్యూటీ అతని చెవులను సగం తినేసింది.

రైళ్ల రొద కొలిచే ఉద్యోగం ఝాన్సీది. కిందటి నెల ఆ మీటరును బిలాస్‌పూర్‌లో అమ్మానాన్నల రైల్వే క్వార్టర్ కిటికీలోనే పెట్టింది. మెమరీ నిండిపోకుండా, రొద డెబ్బై డెసిబెల్స్ దాటితేనే రికార్డు మొదలై, తగ్గిన పది సెకన్లకు ఆగిపోయేలా సెట్టింగు ఎంచుకుంది. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ మంచం మీదే గుండె ఆగి చనిపోయింది.

"రైళ్లే ఉంటాయి నాన్నా."

"అచ్ఛా, అయినా సూడు. నాను ముందు గదిలోనే ఉన్నాను. ఒక్కపాలి పిలవకుండా ఎలిపోనాది."

నెల రోజులుగా వచ్చినవాళ్లందరితోనూ అదే నిష్ఠూరం.

ఝాన్సీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మధ్యాహ్నపు రికార్డులు ఒక్కొక్కటే విన్నది. ఒకదాంట్లో గూడ్సు బండి వెళ్లిపోయింది. అది వెళ్లేదాకా ఆగినట్టు, ఆ చివరి పది సెకన్లలో అమ్మ గొంతు సన్నగా పలికింది.

"ఏవండీ, ఓపాలి ఇలాగ రండి... ఏవండీ..."

అక్కడితో రికార్డు ఆగిపోయింది.

ఝాన్సీ హెడ్‌ఫోన్స్ తీసేసింది. "రైలు చప్పుడే నాన్నా."

జగన్నాథం కూతురి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. చెవులు మందగించాక మనుషుల మాటలను ముఖాల్లో చూసి తెలుసుకోవడం అతనికి అలవాటైంది.

"ఎన్నిసార్లు పిలిచినాదే?" అన్నాడు మెల్లగా.

ఝాన్సీ రెండు వేళ్లు చూపించింది.